చేబదులు

లీ క్రీక్ దాటాక
కరెంటు స్తంభాలు మాతో రావడం మానేశాయి.
ఊడ్నడట్టా దారిలో మూడో రాత్రి,
వెనక సీట్లో పవర్ పెట్టె:
ముప్పై ఎనిమిది శాతం.

ఫ్రిజ్ గురక పెడుతోంది.
సుభాషిణి ఆ అంకె చూసి
చిల్లర లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిపింది.

పక్క గుడారం కీత్ వచ్చాడు.
అతని పెట్టె చచ్చిపోయిందట.
నిద్రలో ఊపిరి ఊదే మిషను ఉందట,
ఈ ఒక్క రాత్రికేనట.
తోడుకి గిన్నె పట్టుకొచ్చినట్టు
వైరు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు.

ఫ్రిజ్ ఆపేశాం.
ఉక్కపోతలో, చీకట్లో,
మా పెట్టెలోంచి తీగె వెంట
ఎవరిదో ఊపిరి
పోతూ, వస్తూ.

పొద్దున నాలుగు శాతం.
పాలు విరిగాయి.
సుభాషిణి నన్ను తిట్టింది, తెలుగులో, మెల్లగా.

బయట కీత్
మా సోలార్ పలక మీది ఎర్రదుమ్ము
చొక్కా అంచుతో తుడుస్తున్నాడు,
ఇంకా రాని ఎండకేసి దాన్ని తిప్పి.