నొక్కకుండా మోగే హారన్

పెరంబూరు నుంచి బీసెంట్ నగర్‌కి
ఇరవై రెండేళ్లు బస్సు నడిపాను.
ఒకనాడు స్టెర్లింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర
కాలు బ్రేకు మీదే ఉందా అని
వంగి చూసుకోవాల్సి వచ్చింది.
ఆ సాయంత్రమే తాళాలు డిపోలో ఇచ్చేశాను.
ఎవరూ కారణం అడగలేదు.
షుగరు మనిషిని కారణం అడగరు.

తర్వాత రాత్రులు మొదలయ్యాయి.
పగలు మేకు దిగినా తెలియని పాదాలు
రాత్రి దుప్పటి అంచు తగిలితే కేక పెట్టేవి.
ముందు చీమలు, ఆపైన కారం,
ఆపైన ఎండలో నిలబెట్టిన బానెట్ మీద
అరికాళ్లు ఆనించినట్టు.
గోడకి కాళ్లెత్తి పడుకునేవాణ్ణి.
అక్కడి చల్లదనం అయిపోతే
అరడుగు పక్కకి జరిగేవాణ్ణి.
తెల్లారేసరికి గది చుట్టూ ఒక ట్రిప్పు పూర్తయ్యేది.

మే నెలలో రేషన్ షాపు నుంచి
ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాను.
ఎదురింటి పిల్ల అడిగింది, "తాతా, ఇంకోటేదీ?"
నవ్వాను.
బొబ్బని దేశమ్మ చూసింది, నేను కాదు.

ఏం చెయ్యలేదని?
మింట్ వీధి నూనె. నరాల సూదులు పది.
నొప్పి మాత్రలకి కడుపు మండింది, కాలు మానలేదు.
ఒకాయన వయసన్నాడు.
ఒకాయన రిపోర్టు చూశాడు, కాళ్లు చూడలేదు.

స్టాన్లీలో కయల్విళి అనే చిన్న డాక్టరమ్మ
చెప్పులు విప్పమంది.
ఇనప కవ్వం లాంటిదేదో మోగించి
బొటనవేలి మీద ఆనించి, "అదురు తెలుస్తోందా?"
లేదు.
మోకాలి చిప్ప దగ్గర తెలిసింది.
"ఎరిచ్చలా? కుత్తలా? మదమదప్పా?"
దాని అరవం పేర్లన్నీ ఆవిడ దగ్గరున్నాయి.
నా దగ్గర మా అమ్మ మాట తిమ్మిరి ఒక్కటే,
లేచి నాలుగడుగులేస్తే పోయేది.
"పదికి ఎంత?"
ఎనిమిది అన్నాను, టికెట్ ధర చెప్పినట్టు.

స్పర్శే లేని కాలు ఎట్లా మండుతుందమ్మా,
నటిస్తున్నానంటున్నారు మావాళ్లు.
ఆవిడ పెన్ను ఆపింది.
"మీ బస్సులో తీగ తొడుగు చిరిగితే?"
ఎవరూ నొక్కకుండానే హారన్ మోగుతుంది.
నాకు తెలుసు. ఒకసారి లజ్ దాకా
అట్లాగే మోగించుకుంటూ పోయాను,
దారంతా నన్నే తిట్టింది.
"అదే ఇది," అంది.
ఆ కుర్చీలోనే ఏడుపొచ్చింది.

రాత్రికొక చిన్న మాత్ర, వారానికో మెట్టు పెంచుతూ.
నోరెండింది, తల తూలింది,
దేశమ్మని చచ్చిపోయిన మా అక్క పేరుతో పిలిచాను.
అది పడక ఇంకోటి మార్చింది.
ఎనిమిదో వారం: పదికి నాలుగు.

నాలుగంటే మంట ఆరలేదు.
పక్కగదిలోకెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.
గొణుగుడు వినబడుతూనే ఉంటుంది,
నేను నిద్రపోతాను.

పోయిన స్పర్శ రాకపోవచ్చునని ఆవిడ దాచలేదు.
అందుకే పడుకునేముందు
దేశమ్మ బొట్టు అద్దం అరికాళ్ల కింద పట్టి
గీతా, పుండా, ముల్లా అని వెతుక్కుంటాను.
బండి తీసేముందు టైర్లు చూసుకున్నట్టే,
కాకపోతే ఇక్కడ స్టెప్నీ లేదు.

నిన్న రాత్రి
దుప్పటి పాదాల మీదకి లాక్కున్నాను.
బయట ఆఖరి బస్సు మలుపు తిరిగింది.
గేరు కొంచెం ఆలస్యంగా మార్చాడు, కొత్త కుర్రాడు.
దుప్పటి కింద నా కుడికాలు
బ్రేకు నొక్కే ఉంటుంది.
వంగి చూడలేదు.