చీరను పట్టుకున్నట్టు

"పొద్దంతా మగ్గం గుంతలో వంగినోడివి
సైకిలెక్కి గూడా వంగితే
ఇంగ నడుము చక్కనయ్యేది యాడ,
పాడె మీదనా?"

ఉరవకొండలో, కూరగాయల సందు మలుపులో
పంచరు తొట్టి ముందర గొంతుక్కూచోని
మొగం ఎత్తకుండానే అడిగినాడు హుసేనప్ప.

నాది సెకండ్‌హ్యాండు సైకిలు.
ఏ కాలేజీ పిల్లోడో తొక్కి తొక్కి విసుగొచ్చి అమ్మింది.
హ్యాండిలు కట్టె మాదిరి అడ్డంగా, తిన్నగా.
దాని మీద వాలితే
మెడ సాచి దోవ చూడాల, తాబేలు చూసినట్టు.
ఒంటి బరువంతా అరచేతుల మీదనే.
ఆమిద్యాల దాకా పోయొచ్చేసరికి
చిటికెనేలికి తిమ్మిరి.
చిటికెనేలే కదా అంటారు మీరు.
తెగిన పోగును అతికేటోణ్ణి అడగండి
ఏలి కొస మొద్దుబారితే ఏమైతాదో.

హుసేనప్ప చేతులు తుడుచుకోని
గోడ మేకులకున్న కొమ్ములు దించినాడు.
ఒకటి పొట్టేలు కొమ్ము, కిందికి చుట్టుకున్నది.
"ఇది పందేలోళ్లకి, నీకొద్దు."
ఒకటి కొత్తది, తళతళ, కోడె కొమ్ములంత వెడల్పు.
ఆశపడి పట్టుకున్నా.
"మీ ఇంటి వాకిలెంత?" అన్నాడు.
మూరన్నర.
కొమ్ములు బెత్తెడెక్కువ.
మళ్లా మేకుకే పోయినాయి.
ఇంగొకటి మరీ ఎత్తు,
పట్టుకుంటే భుజాలు చెవులను తాకుతాండాయి
చలికి ముడుచుకున్న కోతి లెక్క.
"ఎత్తు పెరిగితే సుఖం పెరగదప్పా."

అప్పుడు అన్నీ పక్కకు నెట్టి
"కండ్లు మూసుకో" అన్నాడు.
"మగ్గం మీంచి కోసిన చీర మడత పెట్టి
అంచు నలగకుండా రెండు పక్కలా పట్టుకోని
సావుకారి ముందరికి తీసకపోతావే,
అట్ల పట్టుకో."

పట్టుకున్నా.
నడిబజార్లో, నూనె మరకల నడుమ,
లేని చీర.
మోచేతులు పక్కటెముకలకు రోంత ఎడంగా,
అరచేతులు ఒకదాన్నొకటి చూసుకుంటా,
మణికట్టు యాడా విరగకుండా.
"కదలొద్దు" అని
టేపు దొరక్క పాత ట్యూబు ముక్కతో కొలిచినాడు.

సరిపోయింది అటక మీద దొరికింది.
పాలాయన మోటరు బండి కొన్నాక విప్పి పడేసింది.
క్యాన్ల కొక్కేలు ఒరుసుకోని రెండు దిక్కులా సొట్టలు.
వెనక్కి వంగి, నా చేతులకు ఎదురొచ్చినట్టుంది.
నూటా ఎనభై.
బ్రేకు వైర్లు చాలక కొత్తవి ఇంగో డెబ్బై.
సుఖంగా కూచోవాలంటే వైరు గూడా పొడుగు కావాల్నంట.

సాయంత్రం వజ్రకరూరు రోడ్డున తొక్కినా.
ఒక వాన పడిందో లేదో
చేన్ల నిండా జనం, తలలొంచుకోని
రాళ్లల్లో వజ్రాలు ఎతుకుతాండారు.
గుంతలో నేను, సాళ్లలో వాళ్లు,
అందరం నేలను చూసేటోళ్లమే.
ఆ పూట నేనొక్కణ్ణే
గుట్ట మీద గాలిమరలు తిరిగేది చూస్తా పోయినా.
ఎదురుగాలి మాత్రం ఊరికే వదల్లేదు,
నిక్కి కూచున్నోడి రొమ్ము మీదనే కొడతాది.
ముందైతే వంగి దాని కింద దూరేవాణ్ణి.
ఇప్పుడు మెల్లగా పోవాల.
పోయినా.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే
రాట్నం ముందర కండెలు చుట్టే చౌడమ్మ
దారం ఆపకుండానే
"నా నడుముకు ఏ హ్యాండిలుందో అడిగినావా?" అనింది.

నవ్వబోయి ఆగినా.
రాట్నం పిడి చూసినా.
అదీ ఇనుమే, దానికీ ఒక వంపుంది,
పెండ్లైన కాడ్నుంచి ఎవరూ కొలవలేదు.
"కండ్లు మూసుకో" అన్నా.
"పని చెడతాది, పో" అనింది.

ఆమె పండుకున్నాక
పీట కాడ్నుంచి పిడి దాకా
ఒక ఎర్ర పోగు పట్టి, ముడేసి, జేబులో పెట్టుకున్నా.
రేపు శుక్రవారం.
నమాజు అయిందాకా హుసేనప్ప అంగడి తెరవడు.