ఊపిరి లెక్క

పీటర్‌హెడ్ రేవులో వలలు బాగుచేసే డూగల్ స్ట్రాకన్
మంగళవారం మూడింటికి మా మందుల షాపుకొస్తాడు.
వెనకగదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ, నేను.
ఆయనతోపాటే లోపలికొచ్చే చేపనూనె వాసన.

"గట్టిగా పీల్చి, పదిహేను లెక్కపెట్టేదాకా బిగబట్టండి" అంటాను.
ఆయనది వలకన్నుల లెక్క,
పన్నెండు దగ్గర తడబడి మళ్ళీ ఒకటికొస్తుంది.

మొదటివారం ఇరవై ఆరు. ఎర్ర దీపం.
భుజానికి నికోటిన్ పట్టీ అంటించి
అరచేత్తో అదిమిపెట్టాను, పది సెకన్లు.
ఆ భుజాన్ని ఎవరైనా తాకి ఎన్నాళ్ళయిందో.
రోజూ చోటు మార్చాలి, ఇవాళ కుడి, రేపు ఎడమ అంటే
"అద్దెకొంప బతుకన్నమాట" అన్నాడు.

గమ్ ఇస్తే పసిపిల్లాడిలా నమిలేశాడు. ఎక్కిళ్ళు.
అలా కాదండీ,
కాస్త నమిలి, చురుక్కుమనగానే ఆపి
బుగ్గన పెట్టుకోండి,
నోటిదాకా వచ్చిన మాటని ఆపుకున్నట్టు.

పట్టీతో పడుకుంటే కలలు.
చేపలు వరసగా నిలబడి నిప్పు అడిగాయట.
"ఇచ్చారా?"
"అగ్గిపెట్టె తడిసిపోయింది" అన్నాడు
ఇంకా ఆ దిగులుతోనే.

ఐదోవారం రెండు. పచ్చ దీపం.
నేను చప్పట్లు కొట్టబోయాను.
ఆయన కుర్చీలోంచి లేవలేదు.
జేబులోంచి బొటనవేలంత నీలం గొట్టం తీసి
బల్లమీద పెట్టాడు.
ఏదో పండు వాసన, ఏ చెట్టుకీ కాయనిది.

"మేనకోడలిచ్చింది, సిగరెట్ మానమని.
అది మానేశాను. ఇది మానలేదు.
నీ యంత్రం పొగని పడుతుంది గానీ
ఈ ఆవిరి దానికి కనపడదుగా."

నిజమే, కనపడదు.
పచ్చ దీపం వెలుగుతూనే ఉంది, పాపం.

చీటీ మళ్ళీ మొదటినుంచి రాశాను.
పట్టీ అదే. నోట్లో కొట్టుకునే స్ప్రే కొత్తది,
గొట్టంకోసం చెయ్యి జేబులోకి పోయినప్పుడల్లా.

తలుపు దగ్గర ఆగాడు.
"షెడ్డులోంచి బయటపడ్డానికి ఇన్నాళ్ళూ ఓ సాకుండేది.
ఇప్పుడు ఊరికే వచ్చి నిలబడితే
ఏమైంది డూగల్ అంటున్నారు.
సముద్రం చూస్తున్నానంటే నవ్వరూ?
నలభై ఏళ్ళుగా ఎదురుగానే ఉంటే!"

దానికి మా అరల్లో మందు లేదు.

గొట్టాన్ని పాత బ్యాటరీల డబ్బాలో వేసి
ఆరింటికి షాపు మూసి రేవు మీదుగా వెళ్తుంటే
షెడ్డు తలుపు పక్కన ఆయన,
రెండు చేతుల్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా.

నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.
గాలి ఉప్పగా ఉంది.
ఏమైందని అడగలేదు.