తరుగు

దరఖాస్తుల ఇంటిపేరు చివరికి పోయింది.
గోదారి అవతల గోమాస సమతను,
సిరొంచల సమత మొండయ్య గోమాసను.
నాన్న మధ్యల కూసున్నడు,
రావద్దన్నా బస్సెక్కినట్టు.

తర్వాతి గడి: మీరు తీర్చే సమస్య ఏమిటి?
వంద మాటలు దాటొద్దు.
నా దగ్గర ఉన్నదే ఒక్క మాట.

క్వింటాలు మిర్చి కాంటా ఎక్కంగనే
అడ్తి పోశెట్టి పిడికెడు తీసి
చెవి దగ్గర గలగలమనిపిస్తడు.
"ఇంకా పచ్చున్నది" అంటడు. నాలుగు కిలోలు తరుగు.
మొగులైతే ఆరు.
ఆ చెవికి నలభై ఏండ్ల సంది
మా ఊరు ఊరంతా కప్పం కడుతున్నది.

లచ్చు, మడావోళ్ల లచ్చు,
బోరు మోటర్లకు తీగ చుట్టే పిలగాడు,
ఒకనాడు చాయ్ తాగుకుంట అన్నడు:
"అక్కా, ఆ చెవిని మనమే చేద్దాం."

స్టీలు టిఫిను డబ్బా, రెండు రాగి పట్టీలు,
పాత రేడియోల కెల్లి ఊడబీకిన ముల్లు.
అసలు లెక్క తెలువాలంటే త్రాసు కావాలె.
అవుసుల వీరాచారిని బతిమాలినం.
ముక్కుపుడకలు తూచే పళ్లెంల మిరపకాయలు పెడితే
ఆయన మూడు దినాలు తుమ్మిండు.
నాలుగోనాడు కమ్మలు తూపిచ్చుకోను వచ్చిన
పెండ్లిపిల్లా తుమ్మింది.

గడ్చిరోలికి పిలిచిన్రు.
ఆలాపల్లి దాంక గుంతలే ముందు పరీక్ష పెట్టినయి.
దిగి మూత తీస్తే ముల్లు వంగున్నది.
పిన్నీసుతోని సరిచేసి లోపలికి పోయినం.

అయిదుగురు. ఒక ఫ్యాను. ప్లేటుల బిస్కెట్లు.
అవే కాయలు. ఒకసారి పన్నెండు చూపింది,
ఇంకోసారి పదిహేడు.
లచ్చు నా దిక్కు చూడలేదు.

"ఏది నిజం?" అన్నది కండ్లద్దాల మేడం.
"రెండూ గాదు మేడం, పదమూడున్నర.
రాత్రి త్రాసుల చూసుకొనే వచ్చిన.
ఇదింకా అబద్ధాలాడుతది.
కాకుంటే షావుకారి లెక్క
ఎప్పుడూ ఒక్క దిక్కే ఆడదు."

తరుగుకు మరాఠీల మాట దేవులాడిన.
బడిల నేర్చినవేవీ దానికి సరితూగలె.
ఆఖరికి తెలుగులనే అన్న, తరుగు, అని
చేత్తోని గాలిల నుంచి ఇంత తీసి పక్కకు పెట్టి చూపిచ్చిన.
చివరి కుర్చీల ముసలాయన
సగం కొరికిన బిస్కెట్టు కింద పెట్టిండు.
"మా దిక్కు పత్తికి కట్టీ అంటరు" అన్నడు.
"మా నాయిన దాని గురించే తిట్టుకుంట పోయిండు."

పంతొమ్మిది దినాలు ఏ కబురూ లేదు.
ఇరవయ్యోనాడు, కాళేశ్వరం పోతుంటే
వంతెన సగం దాటినంక సిగ్నల్ దొరికింది.
బండి ఆపి చదివిన. కింద గోదారి,
ఎనక మహారాష్ట్ర, ముంగట తెలంగాణ.
ఎంపికైనారట. ఆరు నెలలు.
ఒక బల్ల, రెండు కుర్చీలు, సాయంత్రం ఆరు దాంక ల్యాబు.
పైసలు మాత్రం కంపెనీ పేరు నమోదైనంకనే.
రెండోసారి చదువుదామంటే సిగ్నల్ పోయింది.

"ఇంక్యుబేటర్ అంటే," అన్నది రాజవ్వత్త,
"అహేరి దవఖానల మన కమల బిడ్డను పెట్టిన్రు, అదే గదా?
బరువు తక్కువైన పిల్లలను పెట్టేది?"
"అదే అత్తా. తక్కువ తూగినోళ్లనే పెడుతరు."
ఆమెకు నవ్వొచ్చిందో లేదో తెల్వదు,
నా చేతుల రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది.

పేరు రాసియ్యమంటే లచ్చు తరుగు అనే రాసిండు.
"అశుభం, ఎవడన్నా కంపెనీకి నష్టం అని పేరు పెట్టుకుంటడా?"
పోశెట్టి నవ్విండట అంగట్ల.
నవ్వినంక గొంతు తగ్గిచ్చి అడిగిండట,
ఆ డబ్బా ఎంతకు అమ్ముతరని.

పొద్దుగాల అయిదున్నర ఎర్రబస్సు.
ఒడిల డబ్బా, కాళ్ల దగ్గర
పరీక్షలకని మూట గట్టిన మిర్చి.
కండక్టరు బూటుతోని మూటను నెట్టి చూసిండు,
"పది కిలోలుంటది, లగేజీ తియ్యి."

"ఎనిమిది కిలోల ఆరువందలు," అన్న.
"తూచిన."