లోపలి హారిస్

ఫహాహీల్ క్లినిక్‌లో బుధవారం, టోకెన్ నలభై ఒకటి.
బయట దుమ్ము లేచి రిఫైనరీ మంట కూడా కనబడటం లేదు.
షాహీదా ముక్కుకు కట్టుకున్న చున్నీ విప్పకుండానే
పిల్లాణ్ణి తూకం మీద పడుకోబెట్టింది.
ఆరు కిలోల నాలుగు వందలు. నాలుగు నెలలు.
వాడు తూకం తడిపాడు. తుడిచి మళ్ళీ తూచాను.

"మా బిల్డింగ్‌లో మూడో అంతస్తు పాపకు తట్టు పోసింది సిస్టరూ.
వీనికి ఈ పొద్దే సూది వేసెయ్యండి."

ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాను, తెరవలేదు.
మందు ఉంది. నాలుగు డిగ్రీల చలిలో, వరసగా, బోలెడుంది.
లేదని చెప్పడం తేలిక.
ఉంది గానీ పనిచెయ్యదని చెప్పడమే.

నీకు చిన్నప్పుడు తట్టు వచ్చిందా, అని అడిగాను.
"రాకేం? ఏడేండ్లప్పుడు, రాయచోటిలో.
పదైదు దినాలు కండ్లు తెరవలా.
అందరి పిల్లోల్లకు సూదులు వేయించినారు,
మాయమ్మ ఆ పొద్దు టమాటా కోతకు పోయింది.
ఇప్పటికీ ఆ మాట ఎత్తి కొట్లాడతా."

మీ బిల్డింగ్ కింద హారిస్ ఉంటాడు కదా, అన్నాను.
"ఉండాడు. ముసలాయన.
మొగం తెలీకపోతే లిఫ్టు ఎక్కనీడు."

అట్లాంటి వాళ్ళని వీడి నెత్తురులో పెట్టి కన్నావు నువ్వు.
పాలతో కాదు. పాలు కడుపును చూసుకుంటాయి, అది వేరే డ్యూటీ.
వీళ్ళు చివరి నెలల్లో బొడ్డుతాడు గుండా దిగినవాళ్ళు,
నీ ఏడేళ్ళప్పటి జ్వరం ముఖాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు.

సూదిలో ఉండేదీ తట్టే.
కోరలు పీకిన తట్టు, పాఠం చెప్పిపోదామని వచ్చేది.
హారిస్‌కి ఆ తేడా తెలీదు.
గేటు దగ్గరే పట్టుకుని తన్ని పంపేస్తాడు.
పైన పిల్లాడు నిద్రలోనే ఉంటాడు,
ఎవరొచ్చారో చూడనే చూడడు.
గుచ్చిన నొప్పి మిగులుతుంది, చదువు మిగలదు.

"అయితే వాల్లే కాస్తారు గదా, ఎప్పటికీ?"

లేదమ్మా. వాళ్ళకీ అకామా ఉంటుంది. రెన్యువల్ ఉండదు.
నెల నెలా కొందరు పెట్టె సర్దుకుంటారు.
ఆఖరివాడు ఏ రోజు వెళ్తాడో ఏ కార్డు మీదా రాసి ఉండదు.
జబ్బును ఆపడానికి చాలక,
సూదిని చెడగొట్టడానికి మాత్రం సరిపోయేంత మంది
మిగిలి ఉండే వారాలు కొన్ని ఉంటాయి.
నా భయమంతా ఆ వారాల గురించే. ఆమెకి సగమే చెప్పాను.

అసలే చెప్పనిది ఇంకొకటి.
నాకు తట్టు రాలేదు. నరసాపురం మిషన్ ఆసుపత్రి ఆయా కూతుర్ని,
తేదీ తప్పకుండా సూదులు.
నా కూతురికి నేనిచ్చిన కాపలా కొద్దిమందే, తొందరగా వెళ్ళిపోయే రకం.
జబ్బుపడి లేచినదాని నెత్తురు ఎక్కువ కాలం కాస్తుంది.
పుస్తకంలో చదివినప్పుడు అది పరీక్షకి పనికొచ్చే వాక్యం.
ఇవాళ, టమాటా కోతకి పోయిన ఒక తల్లి మరుపు
సముద్రం దాటి వచ్చి
మనవడి చుట్టూ నిలబడి ఉంది.

కార్డు మీద రాశాను. ఆరో నెలకు రా.
అప్పటికీ తట్టు తిరుగుతుంటే ఒకటి వేస్తాం, అది లెక్కలోకి రాదు.
అసలుది ఏడాది నిండాకే.
"లెక్కలోకి రానిది ఎందుకు వేస్తారు?"
కొందరికి కాపలా ముందే ఖాళీ అవుతుంది, అందుకని, అన్నాను.
నిజమే. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం కాదేమో.

పిల్లాణ్ణి చున్నీలోకి చుట్టుకుని లేచింది.
తలుపు దాకా వెళ్ళి ఆగింది.
"ఈ శుక్రవారం మాయమ్మతో కొట్లాడనులే సిస్టరూ."
అంతలోనే, "ఏమో, చెప్పలేను," అని నవ్వింది.

దుమ్ము కొంచెం లోపలికి వచ్చింది.
నలభై రెండు, అని పిలిచాను.