సోమవారం ఓటీపీ

పదకొండేండ్లయింది నేనీ నెట్ సెంటర్ పెట్టి,
ఆదోని మార్కెట్ యార్డు వెనక, టీ బంకు పక్క సందులో.
ఎంతమంది పిల్లల బతుకుల్ని
బాణం గుర్తు నొక్కితే కిందికి జారే పట్టీలోంచి
ఏరి పెట్టినానో లెక్కలేదు.
దరఖాస్తుకు యాభై. తప్పు దిద్దాలంటే ఇంకో ఇరవై.

మాబున్ని వచ్చింది.
కర్నూల్లో రెండేండ్లు లాంగ్ టర్మ్,
రెండుసార్లు నీట్,
రెండోసారి గడప దాకా వచ్చి ఆగిపోయిన మార్కులు.
"డిగ్రీలో చేరి మళ్లీ రాస్తానన్నా" అనింది,
బస్సు తప్పినోళ్లు తర్వాతిది ఎప్పుడని అడిగినట్టు.

సలహాలన్నీ చీటీ మీద రాసుకొచ్చింది.
మేనత్త నర్సింగంటది, జీతం గట్టిదని.
కోచింగ్ సారు బయోకెమిస్ట్రీ అంటాడు.
సీనియరెవరో, ఏదైనా ఒకటే,
డిగ్రీ అంటే వాన నిలిచేదాకా
ఎవరింటి పంచలోనో నిలబడేది, అన్నాడంట.
నేనూ ఊరుకోలేదు:
"జువాలజీ పెట్టు పాపా, కప్పకైనా
లోపల గుండె ఉంటాది. డాక్టరుకు దగ్గర."

నవ్వుతాదనుకున్నా. నవ్వలేదు.

ముందు ఓటీపీ రావల్ల.
నంబరు వాళ్ల నాయనది.
చినకాశిం జిన్నింగు మిల్లులో ఉన్నాడు.
ఫోను చేసి స్పీకరు పెట్టింది.
వెనక మిషన్ల హోరు.
"నాలుగు... సున్నా... ఏడు..."
అక్కడ దగ్గు అడ్డమొచ్చింది.

పాత పరుపును ఎండలో వేసి
కట్టెతో బాదినట్టుంది ఆ చప్పుడు.
బాదేకొద్దీ లోపల్నుంచి ఇంకా లేస్తానే ఉంది.
మౌస్ మీద చెయ్యి పెట్టుకొని నేను
తెర మీద సెకన్లు తరిగేది చూస్తాండ.
నలభై. పంతొమ్మిది. మూడు.
మిగతా మూడంకెలూ ఆయన ఎదలోనే ఉండిపోయినాయి.
గడువు ముగిసిందని ఎర్రక్షరాలొచ్చినాయి.

"సోమవారం కదన్నా" అనింది మాబున్ని.

"సోమవారమైతే?"

నోటుబుక్కు వెనక అట్ట తిప్పి చూపించింది.
వారాల పేర్లు, కింద గీతలు.
పెన్నుతో గీసినవి తను.
తను కర్నూల్లో ఉన్నప్పుడు
తమ్ముడు గీసినవి పెన్సిలువి, వంకరగా.
సోమవారం కింద చోటు చాలక
గీతలు మంగళవారం మీదికి ఎక్కినాయి.
శుక్రవారానికి నాలుగైదు.
"ఆదివారం మిల్లుకు సెలవు.
ఒక్క పొద్దు మంచిగాలి తగిలి,
మళ్లీ లోపలికి పోతానే తిరగబడతాది.
మా వరసలో ఏడిండ్లల్లో ఇదే కత.
టీబీ కాదని రెండుసార్లు రాసిచ్చినారు.
మరేందో ఎవరూ రాయలేదు.
ఏ వారం ఎక్కువని అడిగినోళ్లు లేరు."

మళ్లీ ఓటీపీ పంపినా.
ఈసారి ఆయన గేటు బయటికొచ్చినట్టున్నాడు,
ఆరంకెలూ ఒక్క ఊపిరిలో చెప్పి
"వచ్చిందా తల్లీ?" అన్నాడు.

"వచ్చింది నాయనా."

పట్టీ కిందికి జారింది.
"బాటనీ పెట్టన్నా."

"మొక్కలా?"

"దూది తప్పు కాదంట. కాయను పట్టుకొని ఉండే ఆకు
ఎండి పొడై లేస్తాదే, అదంట.
ఏదో పుస్తకంలో రెండే రెండు వాక్యాలున్నాయి.
మూడోది నాకు తెలియల్ల.
నీట్ వస్తే వస్తాది.
రాకపోయినా, పంచలో నిలబడుకొని
వాన లెక్క చూసేది మాత్రం నాతో కాదు."

నొక్కినా.
నా డిగ్రీ గుర్తొచ్చింది. క్యూ పెద్దగుందని
నా ముందు నిలబడిన గిడ్డయ్య
వాని ఫారంతో పాటు నాదీ నింపేసినాడు. బీకాం.
ఎందుకని ఈ రోజు దాకా వాణ్ణి అడగలేదు,
నన్నూ అడుక్కోలేదు.

యాభై ఇచ్చింది. రసీదు మడిచి
గీతల పేజీలో పెట్టుకొని పోయింది.

రాత్రి షట్టరు దించేముందు
కీబోర్డు బోర్లించి తట్టినా, ఎప్పుడూ తట్టేదే.
అక్షరాల సందుల్లోంచి తెల్లని పీచు రాలింది,
దాంతో పాటు కొంచెం గోధుమరంగు పొడి.
ఊదబోయి
ఆగినా.