ఇసుక జీపు

వంతెన మీద మొదటి బస్సు పోయిన దినమే
సడ్వలన్న జీపును రేకుల కొట్టంల పెట్టిండు.
ఎనిమిది వానకాలాలు.
నిన్న తాళం తీస్తె
సీటు కింద ఎలుకల కాపురం,
గాలి పోయి నేలకు కరుచుకున్న టైర్లు,
బ్యాటరీ మీద తెల్లటి పుండు.

నాగపూర్ ఆయనెవరో కొంటడట.
పాత జీపులకు రంగులేసి తోటల్ల నిలబెట్టుకుంటడట.
నడిస్తె ఒక రేటు, లాక్కపోతె ఒక రేటు.
అందుకని సిరొంచ బస్‌స్టాండు ఎనుకనుంచి
నన్ను, జంగును, పానాల డబ్బను పిలిపిచ్చిండు.

బ్యాటరీ మార్చినం. డీజిల్ పోసి పంపుల గాలి తీసినం.
మూడోసారికి నల్లగ దగ్గి ఇంజను లేసింది.
సడ్వలన్న నవ్విండు. నేను నవ్వలె.
క్లచ్చు తొక్కి మొదటి గేరు వేద్దమని చూస్తె
గర్ర్‌ర్...
ఇనుప పండ్లు ఇనుప పండ్లను కొరికినట్టు.
రెండోది, గర్ర్.
రివర్సు ఇంకా అన్యాయం.

"గేరుబాక్సు పోయింది" అన్నడు జంగు.
పందొమ్మిదేండ్ల పోరడు, వానికి అన్నీ పోయినట్టే కొడ్తయి.
ఇంజను బంద్ చేసి అదే గేరు వేసిన.
వెన్నల కత్తి దిగినట్టు పడ్డది.
గేర్లది తప్పు కాదురా.

గోనెసంచి పరిచి కిందికి దూరిన.
"తొక్కన్నా."
పైన ఆయన ఎడమకాలు, కింద నా టార్చిలైటు.
రాడ్డు కదిలింది, ఫోర్కు జరిగింది,
పెడల్‌కు ఇంచు ఆట, ఉండాల్సినంతనే.
మాట చేరుతనే ఉన్నది,
వినాల్సిన కాడనే వింటలేరు.

మా ఉస్తాద్ ఖాజామియా నేర్పిన పరీక్ష ఇంకొకటి ఉన్నది:
గేరు వేసి, పెడల్ అదిమి పట్టి, బండిని నూకాలె.
బర్లు కాసేటాయన కూడ చెయ్యేసిండు.
ఇంచు కదల్లె.
న్యూట్రల్ చేస్తె ఉరికింది.

ఇగ తెలిసింది.
ప్లేటు ఫ్లైవీలును పట్టుకున్నది.
ఎనిమిదేండ్ల తేమ రెంటి నడుమ తుప్పు నూరిపోసి
ఒకటి చేసి పెట్టింది.

విప్పితె రెండు దినాలు, ఖర్చు వేరే.
తునికి కట్టె ఒకటి కొలిచి నరికి
పెడల్‌కు సీటుకు నడుమ బిగించిన.
రాత్రంత గిట్లనే తొక్కి ఉండనీ.

కట్టె దిక్కు చూసి సడ్వలన్న మోకాలు నిమురుకున్నడు.
ఎండాకాలం నాలుగు నెలలు ప్రాణహిత ఇసుక మీద
పెండ్లోళ్లను, మేకలను, వడ్ల సంచులను,
ఒకసారి నొప్పులు మొదలైన అసరెల్లి ఆమెను
ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు చేర్చిన కాలు అది.
ఇసుకల క్లచ్చు పూర్తిగ విడిస్తె బండి దిగబడ్తది,
పట్టి ఉంచితె ప్లేటు కాలుతది.
సగం మీద నడిపిండు ఇరవై ఏండ్లు.
ఆయన చెప్పలె ఇదంత. నాకెరుక,
అప్పుడు క్లీనరును నేనే.

పొద్దుగాల కట్టె తీసినం. పట్టు విడవలె.
అయితె మొండిపనే.
ఇంజను వేడిచేసి ఆపి, మొదటి గేరుల పెట్టి,
పెడల్ నేలకు అదిమి సెల్ఫు కొట్టుమన్న.
జీపు తన్నుకుంట లేసి కొట్టం దాటింది,
రేవు బాట పట్టింది, ఎనుక జంగు ఉరుకుడు,
"రేసు ఇయ్యి, ఇడువు! ఇయ్యి, ఇడువు!" నా ఒర్లుడు.
రేవు మలుపు కాడ
టక్
ఎండిన చింతకాయ ఇరిగినంత చప్పుడు.
ఇంజను ఒక్కసారి పైకి గుర్రుమన్నది,
చక్రాలు మెల్లగ తమదారిన తాము ఆగినయి.

సడ్వలన్న గేరు మార్చిండు. చప్పుడు లేదు.
ఇంకొకటి మార్చిండు.
మాదిక్కు చూడనే లేదు. వంతెన కింద ఇసుకల దిగి
మూడో స్తంభం దాటి కనబడకుంట పోయి
గంటకు వచ్చిండు, టైర్లు తడిగ.

"ఏం సామాను పడ్డది?"
ఏం పడలె.
"మరి పావతిల ఏం రాస్తవు?"
జంగు రాసిండు: కట్టె ఒకటి. రాత్రి ఒకటి.

నాగపూర్ ఆయనకు ఫోన్ చేసినవా అని అడిగితె
"సిగ్నల్ లేదు" అన్నడు
సెల్ టవరు నీడల నిలబడి.